చూశాక తట్టే సంగతి

పోలీసు చర్యకు ముందు, నిజాం రాజ్యపు సరిహద్దులో సరుకులు ఆగిపోవడంతో మహబూబ్‌నగర్‌కు రేడియో బ్యాటరీలు రావడం మానేశాయి. సైన్సు చదివి, సర్కారు కొలువు దొరక్క, అక్కడే రేడియోలు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాను. నల్లగొండ వైపు ఏం జరుగుతోందోనని జనం వార్తల కోసం చెవులు రిక్కించేవారు. వార్తలు పూర్తి కాకముందే బ్యాటరీ చచ్చేది.

మాట వచ్చినా రాకపోయినా సెట్టులో మాటను పెద్దది చేసే గాజు బుడ్డి, వాల్వు, ఒకే తీరుగా కరెంటు తాగేది. మాట లేనంతసేపూ దాన్ని పస్తు పెట్టి, మాట రాగానే మళ్లీ అందించే సర్క్యూట్ ఒకటి కట్టాను. "గిది నీ పేరు మీద రాయించుకో, లేకుంటె ఇంకోడు రాయించుకుంటడు" అంది మా ఆవిడ. రాజధాని నగరంలోని పేటెంటు దఫ్తరులో అర్జీ పెట్టాను.

అక్కడి పరిశీలకుడు మహా పండితుడు. వాల్వు ఒక పుస్తకంలో ఉందట, కరెంటు తగ్గించే పద్ధతి ఇంకో పుస్తకంలో ఉందట. రెండూ కలపాలని పని తెలిసిన ఎవరికైనా తడుతుందట. అలా రాసి అర్జీ కొట్టేశాడు. అందరికీ తట్టేదే అయితే ఊళ్లకు ఊళ్లు మూగ రేడియోల ముందు ఎందుకు కూర్చున్నాయో రాయలేదు. కాగితంలో చోటు చాలలేదేమో. అప్పీలు చేశాను.

అది విచారణకు వచ్చేసరికి నిజాం రాజ్యం పోయింది. నగరంలో ఎవరిని కదిలించినా "గిట్లయితదని నాకు ముందే ఎరుక" అనేవారే. పరిశీలకుడు కూడా నిజాం కొలువు నాటి రూమీ టోపీ తీసేసి ఖద్దరు టోపీలో వచ్చాడు. అప్పీలు వినే పెద్ద అధికారి ముందు నా సర్క్యూట్ బొమ్మ పరిచాడు.

"సార్, చూడంగనే తెలుస్తలేదా? చిన్నపిల్లగాడు గూడ జేస్తడు."

"చూసినంక అందరికీ తెలుస్తది సార్. చూడకముందు ఎవరు జేసిండ్రు?" అన్నాను.

అతడు చెప్పిన రెండో పుస్తకం నేనూ తెచ్చుకున్నాను. అతడు చూపిన పేజీకి పక్క పేజీ తెరిచి పెద్దాయన ముందుంచాను. ఆ పద్ధతి రేడియోలో పెడితే మాట ముక్కలవుతుంది, పెట్టవద్దని అందులో ఉంది.

"వద్దన్న పనిని, మాట ముక్కలు కాకుండ జేసిన. అది ఎవరికి తట్టింది సార్?"

పెద్దాయన పరిశీలకుడి వైపు తిరిగాడు. "గీ పేజీ చదివిండ్రా?"

"అవసరం పడలే సార్."

అప్పీలు నెగ్గింది. కాగితాలు సర్దుకుని బయటికి రాగానే పరిశీలకుడు వరండాలో నన్ను పట్టుకున్నాడు. "మా ఇంట్ల సెట్టు గురగురమంటాంది. జర చూస్తవా?"

వెళ్లి విప్పాను. తప్పెక్కడుందో తెలిసేసరికి సాయంత్రమైంది. అంతసేపూ అతడు కుర్చీలో కూర్చుని, అది ఏమై ఉంటుందో నాకు వివరిస్తూనే ఉన్నాడు.