కంచెకు ముందే పడ్డ బంతులు

బేస్‌బాల్‌లో నాకు చేతనైన పని ఒక్కటే, బంతిని కంచె అవతల పడేయడం. వేగంగా పరిగెత్తలేను. ఫీల్డింగ్ అంతంతమాత్రం. కెనడాలో, విన్నిపెగ్‌లోని ఒక చిన్న ప్రొఫెషనల్ జట్టు నన్ను తీసుకున్నది హోమ్‌రన్ల కోసమే. బ్యాట్‌కు సరిగ్గా తగిలితే బంతి వెళ్లి పార్కింగ్‌లో కార్ల మధ్య పడేది. తగలకపోతే మూడు స్ట్రైక్‌లకు అవుటై బెంచీకి తిరిగొచ్చేవాడిని. ఆ రెండోది కాస్త ఎక్కువగానే జరిగేది. అయినా నేను బ్యాట్ పట్టుకుని నిలబడితే జనం తినడం ఆపి చూసేవారు.

మేం విజయవాడ నుంచి ఈ దేశానికి, విండ్సర్‌కు వచ్చినప్పుడు నేను ఆరో తరగతి. స్కూల్లో క్రికెట్ లేదు, బేస్‌బాల్ ఉంది. కార్ల ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేరిన నాన్నకు ఈ ఆట ఎప్పుడూ రుచించలేదు. మ్యాచ్‌కి వచ్చినా, "అలా గుడ్డిగా ఊపుతావేంట్రా? బంతిని చూసి నేల మీద ఆడొచ్చుగా" అని విసుక్కునేవారు.

విన్నిపెగ్‌లో మొదటి రెండు వేసవులు బాగానే గడిచాయి. మూడో ఏడు కొత్త బ్యాటింగ్ కోచ్ వచ్చాడు. నా వీడియోలు ముందు పెట్టుకుని, "ఇన్ని స్ట్రైకౌట్లుంటే పై లీగులవాళ్లు నీవైపు చూడరు. స్వింగ్ చిన్నది చెయ్. ముందు బంతి బ్యాట్‌కు తగలాలి" అన్నాడు.

"మరి హోమ్‌రన్లు?"

"అవే వస్తాయి."

రాలేదు. కాళ్లు పెట్టే తీరు మార్చాను, చేతులు కిందికి దించాను. రోజూ అందరికంటే ముందే గ్రౌండ్‌కి వెళ్లి చిన్న స్వింగే సాధన చేశాను. బంతి తగలడం మొదలైంది. కానీ బలం లేకుండా లేచి, కంచెకు ఇవతలే ఫీల్డర్ చేతుల్లో పడేది. స్ట్రైకౌట్లు తగ్గాయని కోచ్ చప్పట్లు కొట్టేవాడు. గ్యాలరీలోంచి మాత్రం ఒకాయన, "ఏమైందయ్యా నీ చేతులకి?" అని అరిచేవాడు. నాకూ అదే అనుమానం.

సీజన్ ముగియకముందే మేనేజర్ తన గదికి పిలిచాడు. కోచ్ కూడా అక్కడే, గోడకు ఆనుకుని ఫోన్ చూసుకుంటున్నాడు.

"నిన్ను రిలీజ్ చేస్తున్నాం. దూరం కొట్టేవాడు కావాలి మాకు" అన్నాడు మేనేజర్.

సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. "దూరం కొట్టేవాణ్ణే కదా మీరు తీసుకుంది? మార్చింది మీరే కదా?" అన్నాను. గొంతు నాకు తెలియకుండానే పెరిగింది.

కోచ్ తలెత్తలేదు. "స్ట్రైకౌట్లు తగ్గించమన్నాను, తగ్గాయి. పవర్ తగ్గించమని నేను అనలేదే" అన్నాడు.

బ్యాగ్ కారులో వేసుకుని, పార్కింగ్ నుంచే నాన్నకు ఫోన్ చేశాను.

"తీసేశారు నాన్నా."

"ఎందుకురా?"

"దూరం కొట్టట్లేదంట."

"నీకు వచ్చిందే అది కదరా" అన్నారు నాన్న. ఆ మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి. "అమ్మకి నేను చెప్తాలే. నువ్వు మెల్లగా డ్రైవ్ చేసుకుంటూ రా."

ఆ చలికాలమంతా విండ్సర్‌లో ఇంటి దగ్గరే ఉండి పాత స్వింగ్ కోసం తంటాలు పడ్డాను. బుర్ర వెనక్కి వెళ్లమంటే, చేతులు కొత్త అలవాటునే పట్టుకుని వేలాడేవి. వసంతంలో నది దాటి అవతల అమెరికాలో ఉన్న డెట్రాయిట్ వైపు ఒక జట్టు ట్రయల్స్‌కి వెళ్లాను. పెద్దదీ కాని, చిన్నదీ కాని స్వింగ్‌తో గాలిని కొట్టి వచ్చాను. కబురు చేస్తామన్నారు, చేయలేదు. విన్నిపెగ్ జట్టు నా స్థానంలో తీసుకున్న కుర్రాడి వీడియోలు చూశాను. అచ్చం నా పాత స్వింగే. నాలాగే బంతి తగలక అవుటవుతున్నాడు కూడా. అతన్ని ఎవరూ మార్చలేదు, ఎందుకంటే ఆ కోచ్ వేరే జట్టుకు వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఒషావాలో ఒక ఇండోర్ సెంటర్‌లో బ్యాటింగ్ నేర్పుతున్నాను. మొన్న విండ్సర్ వెళ్లినప్పుడు తెలుగువాళ్ల పిక్నిక్‌లో ఒక ఆంటీ, "మీవాడు బేస్‌బాల్ మానేశాడంట కదండీ, మంచి పని చేశాడు" అంది నాన్నతో.

"మానలేదమ్మా, మాన్పించారు" అన్నారు నాన్న, ఆవిడ ఉలిక్కిపడేలా.

నేను ప్లేట్‌లో పులిహోర కెలుకుతూ కూర్చున్నాను.