చదువుకు పిల్లనడిగిన రోజు

అప్పట్లో కర్నూలు కాలేజీలో బి.ఏ. ప్యాసైన ఆడపిల్లంటేనే మా నేతపేటలో వింత. దానికి ఫెలోషిప్ వచ్చిందంటే ఇంకెంత వింతో చూసుకోండి. ఆ మాటకు అర్థమేమిటో మా వీధిలో ఒక్కరికీ తెలీదు. ఒక ధర్మసంస్థ వాళ్లు అప్పుడే చదువు ముగించినవాళ్లను కొందరిని ఏరి, ఏడాదిపాటు వేరే మతపు పెద్దల దగ్గరికి శిష్యరికానికి పంపేవారు. వాళ్ల పండగలూ నమ్మకాలూ దగ్గరుండి చూడాలి, మనవాటితో ఎక్కడ కలుస్తాయో రాయాలి. నాకు గురువుగా కడపలో ఒక ఉర్దూ టీచరమ్మ కుదిరింది. సంతోషం పట్టలేక నాకు అన్నం సయించలేదు.

అడ్డుపుల్ల మా నాన్న. పెళ్లికాని పిల్లకు ఇంటి పెద్ద ఒప్పుదల ఉండాలని నిబంధన. ఆ నెలాఖరులోగా ఆయన సరేననకపోతే అవకాశం ఇంకొకరికి పోతుంది.

"సాయిబుల మింద నాకేం కోపం ల్యా. పెండ్లి గాని పిల్లను పరాయి ఊర్లో, పరాయింట్లో ఎట్ల పెడతారే? నలుగురూ మొగాన ఉమ్మెయ్యరా?" అని మగ్గం గుంటలోకి దిగిపోయాడు.

అరిచాను, అలిగాను, పస్తున్నాను. ఆయన మగ్గం ఆడిస్తూనే ఉన్నాడు. "నీ నోరే నీకు శత్రువు, రవ్వంత ముయ్" అంది మా అమ్మ. మూసుకోవడం నావల్ల అయ్యే పనా? చివరికి ఏడుస్తూ టీచరమ్మకు కార్డు రాసి పడేశాను, నాన్న ఒప్పుకోలేదు, నేను రాలేనని.

ఆమె తిరిగి రాయలేదు. తనే వచ్చేసింది. ఆదోనిలో రైలు దిగి, బస్సెక్కి, బురఖా నిండా దుమ్ముతో మా గడప ముందు నిలబడింది. చేతిలో పళ్లెం, పళ్లెంలో తమలపాకులు, వక్కలు, అరటిపండ్లు, పూలు. వీధి వీధంతా వాకిళ్లలోకి వచ్చింది. అమ్మ బిత్తరపోయింది. మావైపు అట్లా పళ్లెంతో వచ్చేది పిల్లనడగడానికే మరి.

"అన్నా, నీ కూతుర్ని అడగను వచ్చినా. పెండ్లికి గాదు, చదువుకు. ఒక్క ఏడాది" అంది టీచరమ్మ.

నాన్న గుంటలోంచి లేవలేదు. "శానా దూరం వచ్చినావు తల్లీ. మీకూ మాకూ ఏం సంబంధం ఉండాదని బిడ్డను పంపాల?"

"సంబంధం ల్యాకేమన్నా?" అని నవ్విందామె. "ఉగాదినాడు కడపలో మా సాయిబులమంతా యాడికి పోతామో తెలుసా? ఎంకటేశ్వరసామి గుడికి. టెంకాయ, బెల్లం తీస్కోని పోతాం. బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడబిడ్డ. మీ సామికిచ్చి చేసినాం. మా బిడ్డను మీకు జన్మకంతా ఇచ్చినోళ్లం, నీ బిడ్డను ఏడాది మాకియ్యలేవా?"

ఎదురింటి వాకిట్లో ఎవరో పక్కున నవ్వారు. నాన్న నవ్వలేదు. ఆయన మెల్లగా గుంటలోంచి పైకి వచ్చి, పంచె దులుపుకుని, అమ్మ మీద విరుచుకుపడ్డాడు.

"ఏమే, పిల్లనిచ్చినోళ్లను గడప కాడ నిలబెడతారా? సాప పరుచు."

అమ్మ చాప పరిచింది. ఎగిరి గంతేసేదాన్నే, నాన్న చెయ్యెత్తి ఆపాడు. ఆమె ఎదుట కూర్చుని గొంతు తగ్గించాడు.

"ఒగ మాట తల్లీ. మీరు మీ బిడ్డను వాపసు అడగల్యా. నేనడుగుతా. ఏడాది కాంగానే నా బిడ్డ నా ఇంటికి రావాల."

అప్పుడు తెలిసింది నాకు. నలుగురి మాట అంతా పైపైదే. పోతే నేను మళ్లీ ఆయన బిడ్డగా తిరిగి రానేమోనని ఆయన భయం. నాకు దుఃఖం ముంచుకొచ్చింది.

టీచరమ్మ బురఖా అంచుతో కళ్లు తుడుచుకుంది.

"మేం మాత్రం ఇడ్సిపెట్టినామా అన్నా? అందుకేగదా ఏటేటా పోయి చూసొస్తాండేది."

నాన్న పళ్లెంలోంచి తాంబూలం అందుకున్నాడు. నేను బట్టలు సర్దుకోవడానికి లోపలికి పరుగెత్తాను.