గొంతు లేని మూడు నెలలు

మా ప్రొద్దుటూరు చర్చిలో స్త్రీల సమాజం ఒకటి ఉంది. పల్లెల్లో ఉండి సేవ చేసే ఆడవాళ్ళను నెలకోసారి చూసి, ధైర్యం చెప్పి రావడం దాని పనుల్లో ఒకటి. నేను బడి పంతులమ్మగా రిటైరైన మరుసటి వారమే ఆ పని నాకు అప్పగించారు. "నీకు మాట్లాడేది బాగా వచ్చు, నువ్వే పో" అన్నారు. అది నిజమేనని నేనూ అనుకున్నాను. ఎవరి దగ్గరికి పోయినా చెప్పవలసిన వాక్యాలు ముందే కాగితం మీద రాసుకుని పోయేదాన్ని.

నేను చూడవలసిన వాళ్ళలో ఒకామె పులివెందుల అవతల పల్లెలో ఉండేది. నలభై ఏళ్ళ మనిషి, పెళ్ళి చేసుకోలేదు. జమ్మలమడుగులో ఒక ఆసుపత్రిలో నర్సుల చేతికింద ఎనిమిదేళ్ళు పనిచేసి, అది వదిలి సేవకు వచ్చింది. ఊళ్ళో అందరూ సిస్టరమ్మ అనేవాళ్ళు. ఆమె పాట మొదలుపెడితే చీనీ తోటల్లో కాయలు కోసేవాళ్ళు చేతులు ఆపి వినేవాళ్ళు. ఆ గొంతు చూసే మావాళ్ళు ఆమెను ఆ ఊరికి పంపారు.

ఆ ఎండాకాలం ఆమె గొంతు బొంగురుపోయింది. కషాయాలు తాగింది, తగ్గలేదు. వానలు మొదలయ్యేసరికి మాట గాలిగా మారిపోయింది. జమ్మలమడుగు ఆసుపత్రిలో చూపిస్తే గొంతు లోపల చిన్న చిన్న గడ్డలు ఉన్నాయన్నారు. మూడు నెలలు నోరు తెరిచి ఒక్క మాట మాట్లాడకూడదు, గుసగుస కూడా కూడదు, ఆ తర్వాతే ఏ సంగతైనా చెప్తామన్నారు.

నెల తిరగకముందే నా ఫోనుకు ఆమె నుంచి రెండు వరసలు వచ్చాయి. "అక్కా, నన్ను ఈ పని నుంచి ఇడ్సిపెట్టండి. ఈ వారంలో మా అన్న ఇంటికి పోతాండా."

మరుసటి రోజు పొద్దున్నే బస్సెక్కాను. ముద్దనూరు దాటేవరకు కాగితం మీద వాక్యాలు రాసుకుంటూనే ఉన్నాను. పులివెందులలో దిగి ఆటో పట్టుకుని ఆ పల్లె చేరేసరికి తొమ్మిదైంది. చిన్న చర్చి, దాని వెనక రేకుల గది. తలుపు తీసే ఉంది. లోపల ట్రంకు పెట్టె తాడుతో కట్టి ఉంది.

నన్ను చూసి లేచి చేయి పట్టుకుంది. కూచోబెట్టి నీళ్ళిచ్చింది. పక్కన పిల్లలు బడికి తీసుకుపోయే పలక, బలపం ఉన్నాయి. ఇప్పుడు మాట్లాడేది వాటితోనే.

నేను కాగితం తీసి మొదలుపెట్టాను. ఒక వాక్యం చెప్పి దానికి అర్థం, ఇంకో వాక్యం చెప్పి దానికి ఉదాహరణ. తర్వాత కళ్ళు మూసుకుని పెద్ద ప్రార్థన చేశాను. బాగానే చేశాననుకున్నాను. కళ్ళు తెరిచేసరికి ఆమె పలక మీద రాసి నా ముందు పెట్టింది.

"ఇవన్నీ నాకు తెలుసక్కా. ఊళ్ళోవాళ్ళకు నేను చెప్పేవి ఇవే. ఇప్పుడు నాకే మనసుకు ఆనడంల్యా."

నేను చదివానని చూసి తుడిచి మళ్ళీ రాసింది. "పాట ల్యాదు, మాట ల్యాదు. పనికిరాని దాన్ని ఈడ పెట్టుకొని మీరేం చేస్తారు?"

"అట్ల అనుకోవాకు చెల్లెమ్మా" అన్నాను.

ఆమె ఇంకో వాక్యం రాసింది. అది రాయడానికి చాలాసేపు పట్టింది. "ప్రార్థన కూడా రావడంల్యా."

నా దగ్గర దానికి కాగితం లేదు. చేతిలో ఉన్నది మడిచి సంచిలో పెట్టాను. బయట కోళ్ళు అరుస్తున్నాయి. దగ్గర్లోని గనిలో షిఫ్టు దిగినవాళ్ళను దించి కంపెనీ బస్సు వెళ్ళిపోయింది.

అప్పుడు గడప దగ్గర ఒక ఆడమనిషి నిలబడింది. మెడలో బంగారం, మంచి చీర, చేతికి బియ్యప్పిండి. పని మధ్యలో వదిలేసి వచ్చినట్టుంది. లోపలికి రాలేదు.

"సిస్టరమ్మా, రెండు దినాలాయ రాక. మా అత్త అన్నం ముట్టడంల్యా. నీ కోసరం వాకిలి దిక్కే చూస్తాంది."

ఎవరని అడిగితే ఆమే చెప్పింది. ఆ ఊళ్ళో పెద్ద భూమి ఉన్న ఇంటి కోడలు. అత్తకు ఆరు నెలల కింద పక్షవాతం వచ్చి కుడి చేయి, కుడి కాలు, మాట పోయాయి. ఆసుపత్రిలో పనిచేసిన మనిషి ఊళ్ళో ఉందని తెలిసి ఈమెను పిలిపించుకున్నారు. అప్పటినుంచి రోజూ పొద్దున పోయి ఆ ముసలామెకు ఒళ్ళు తుడిచి, కాలు చేయి ఆడించి, మాట నేర్పిస్తోందట.

"ఆరు నెలలుగా పోతాండావా? నాకెప్పుడూ చెప్పల్యా?" అన్నాను.

ఆమె పలక తీసుకుని మామూలుగా రాసింది. "నివేదిక కాగితంలో దానికి గడి ల్యాదక్కా."

ఆ కాగితం తయారుచేసింది నేను. ఎన్ని కూటాలు, ఎంతమంది వచ్చారు, ఎంతమంది బాప్తిస్మం తీసుకున్నారు, ఇవే గడులు. ప్రతి నెలా ఆమె కాగితంలో చిన్న చిన్న అంకెలు చూసి, "ఇంకొంచెం కష్టపడల్ల" అని కింద ఎర్ర సిరాతో రాసి పంపేదాన్ని.

సిస్టరమ్మ లేచి కోడలి వెంట బయలుదేరితే నేనూ వెళ్ళాను. ముందు వాకిలి నుంచి కాదు, పశువుల కొట్టం పక్కనుంచి తీసుకుపోయారు. కొట్టం గోడకున్న చిన్న గూట్లో ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉంది. అది సిస్టరమ్మకు వేరేగా పెట్టిన గ్లాసు. ఆమె దాన్ని చూడనట్టే దాటి వెళ్ళింది. నేను చూశాను.

మంచం మీద ముసలామె దిండ్లకు ఆనుకుని కూచుని ఉంది. మూతి ఒక పక్కకు వంగి ఉంది, కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి. ఈమెను చూడగానే ఎడమ చేత్తో మంచం పట్టె మీద కొట్టింది. కోపం అది. రెండు రోజులు ఎందుకు రాలేదని.

ఆమె కొడుకు, అరవై దగ్గరపడ్డ రైతు, గుమ్మంలో నిలబడి నన్ను ఎగాదిగా చూశాడు.

"మతం మాటలు మా ఇంట్లో వద్దని మొదుట్లోనే చెప్పినా. ఈయమ్మ ఆ మాట తప్పల్యా. మీరు గూడా తప్పగాకండి" అన్నాడు.

"తప్పమప్పా" అన్నాను.

ఆమె పని మొదలుపెట్టింది. కుడి చేతిని మోచేతి దగ్గర పట్టి మెల్లగా ఎత్తి దించింది. వేళ్ళు ఒక్కొక్కటే చాపింది. తర్వాత ఎదురుగా కూచుని తన నోటిని చూపించింది. శబ్దం లేదు. పెదవులు మూసి తెరిచింది. ముసలామె ఆ పెదవులనే చూస్తూ "మ్... మా" అంది. మాట పోయిన మనిషి, మాట కూడని మనిషి దగ్గర మాట నేర్చుకుంటోంది. నా బడిలో అన్నేళ్ళలో అంత ఓపిక గల పాఠం నేను చెప్పలేదు.

పాఠం మధ్యలో కోడలు అత్త దగ్గరికి వంగి చెప్పింది. "సిస్టరమ్మ ఊరిడిసి పోతాందంట అత్తా. పెట్టె గూడా కట్టింది."

ముసలామె ఎడమ చేయి చటుక్కున చాపి ఈమె మణికట్టు పట్టుకుంది. నోరు తెరిచింది, మూసింది. మెడ నరాలు పైకి లేచాయి. "పో" అంది.

సిస్టరమ్మ ముఖం పాలిపోయింది. ముసలామె కూడా తనను పొమ్మంటోంది అనుకుంది. నేనూ అట్లే అనుకున్నాను. చేయి విడిపించుకోబోయింది. ముసలామె వదల్లేదు. ఎడమ చేతి వేళ్ళు ఇంకా బిగించింది. కోపానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పో... పో... వా..."

కోడలు నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. కొడుకు గుమ్మం నుంచి రెండు అడుగులు లోపలికి వచ్చాడు.

"పో... వా... కు" అంది ముసలామె. అని వెనక్కి వాలి రొప్పింది.

పోవాకు. పోవద్దు. ఆరు నెలల్లో ఆమె పూర్తిగా పలికిన మొదటి మాట అది. కొడుకు తువ్వాలుతో ముఖం తుడుచుకుని బయటికి వెళ్ళిపోయాడు.

గదికి తిరిగి వచ్చాక నేను కాగితం తీయలేదు. ఆమె కూడా పలక తీయలేదు. గది తలుపు పక్కన చాప పరుచుకుని ఇద్దరమూ మోకరించాం. ఒక్క మాట లేదు. ప్రార్థన అంటే దేవుడికి మాటలు అందించడమే అనుకుంటూ బతికినదాన్ని నేను. ఆ అరగంట నాకు కష్టంగా గడిచింది, మోకాళ్ళు నొప్పి పెట్టాయి, మనసు ఎక్కడెక్కడికో పోయింది. కానీ పక్కన ఆమె ఊపిరి మెల్లమెల్లగా నెమ్మదించడం తెలిసింది. ఆమె లేచి పెట్టె తాడు విప్పుతూ ఉంటే నేను సాయం పట్టాను. బాగా గట్టిగా ముడేసింది, విప్పడానికి కత్తి కావలసి వచ్చింది.

తర్వాత పలక మీద రాసింది. "మూడు నెల్లు కాదు, మూడేండ్లు నోరు మూసుకోమన్నా ఉంటా. ఆదివారం చర్చిలో వాక్యం ఎవరు చదువుతారు?"

"నేను" అన్నాను.

ఇంటికి ఫోన్ చేసి మా ఆయనకు చెప్పాను. "నాకు సంగటి కెలికేది రాదు గానీ అన్నం వండుకుంటా లే. ఉండిరా" అన్నాడు.

అప్పటినుంచి శనివారం పోయి సోమవారం తిరిగి రావడం మొదలుపెట్టాను. ఆదివారం ఆమె చెప్పవలసింది రాసిస్తే నేను చదివేదాన్ని. నా పాటకు చర్చిలో ఉన్న పదకొండు మందిలో ఇద్దరు నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది, శబ్దం లేకుండా. నవ్వితే నవ్వనీ అనుకుని పాడేదాన్ని.

రెండో నెలలో ప్రొద్దుటూరులో మా కమిటీ కూచుంది. ఒక పెద్దాయన మెత్తగానే అన్నాడు. "గొంతు లేని మనిషి సువార్త ఎట్ల చెప్తాదమ్మా? బాగా పాడే అమ్మాయి ఒకామె సిద్ధంగా ఉండాది. ఈమెను పిలిపిస్తాం, ఆమెను పంపిస్తాం."

ఏడాది ముందైతే నేనే ఆ మాట అని ఉండేదాన్ని. లేచి నిలబడ్డాను.

"ఆ అమ్మాయిని ఇంకో ఊరికి పంపండి, ఊళ్ళకేం తక్కువ ల్యాదు. ఈమెను మాత్రం కదిలించొద్దు. ఎనిమిదేండ్లు ఆసుపత్రిలో నేర్చుకున్న పని చేస్తాంది. పాట కోసరం పంపింది మనం. ఆ ఇంటికి పంపింది మనం కాదు" అన్నాను.

"ఆ ఇంట్లో ఎవురన్నా ప్రభువును నమ్ముకున్నారా?" అని ఆయన అడిగాడు.

"ల్యాదు. నమ్ముకుంటారో ల్యాదో నాకు తెల్దు. నమ్ముకోకున్నా ఆమె ఆ ఇంటికి పోతాది."

చివరికి మా పాస్టరయ్యగారు, "ఉండనీండి" అన్నారు. అంతే. మరుసటి రోజు పొద్దున కూచుని నివేదిక కాగితం కొత్తగా గీశాను. గడులు తీసేసి, ఈ నెల మీరు ఎవరి దగ్గర కూచున్నారు, మీకు ఏది కష్టమైంది అని రెండే ప్రశ్నలు పెట్టి, కింద ఖాళీ వదిలాను. ఎర్ర సిరా పెన్ను మళ్ళీ వాడలేదు.

మూడు నెలలు నిండాక జమ్మలమడుగు ఆసుపత్రికి ఇద్దరమూ వెళ్ళాం. డాక్టరమ్మ గొంతులోకి లైటు వేసి చాలాసేపు చూసింది. గడ్డలు తగ్గాయి, మెల్లగా మాట్లాడవచ్చు, పాట మాత్రం ఇక ఆశ పెట్టుకోవద్దు అంది.

బయట వేపచెట్టు కింద బల్ల మీద కూచుని ఆమె ఏడ్చింది. నేను వీపు మీద చేయి వేసి ఉన్నాను. ముఖం కడుక్కుని వచ్చి నా పక్కన నిలబడి నోరు తెరిచింది. గరగరలాడే, మొగగొంతులాంటి కొత్త గొంతు.

"అక్కా, ఆకలైతాంది" అంది.

బస్టాండు దగ్గర ఉగ్గాని తిన్నాం. రెండు ప్లేట్లు తినింది.

ఇది జరిగి మూడేళ్ళు. ముసలామె ఇప్పుడు కర్ర పట్టుకుని కొట్టం దాకా నడుస్తుంది, దూడలను తిడుతుంది. నుదుట విభూతి అట్లాగే ఉంది. కొడుకు పెట్టిన షరతూ అట్లాగే ఉంది. గూట్లో గ్లాసు కూడా అక్కడే ఉంది. ఒకసారి అడిగాను, నీకు నొప్పిగా ఉండదా అని.

"నొప్పి ల్యాకుండా యట్ల ఉంటాదక్కా? శానా నొప్పి" అంది. "ఒగ దినం ఆయప్పకే చెప్పినా, నేను ఈ గ్లాసులో నీళ్ళు తాగను, నా సీసా నేను తెచ్చుకుంటా అని. ఏమీ అనల్యా. నేనూ ఆ ఇంటికి పోయేది మానుకోల్యా."

పోయిన నెల నేను వెళ్ళినప్పుడు ఆమె కొత్తగా ఇంకో ఇంటికి పోతోంది. గనిలో పనిచేసే ఒకాయన భార్య, తుంటి ఎముక విరిగి మంచంలో ఉంది. ఊరికి రెండు మైళ్ళు, మిట్ట మీద ఇల్లు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. సంచిలో నూనె సీసా, మెత్తటి గుడ్డలు పెట్టుకుని ఆమె ముందు నడుస్తోంది. నేను ఆయాసపడి ఆగి, "ఆటో ఎక్కుదామా?" అన్నాను.

"ఈ దావన ఆటోలు రావక్కా. నిదానంగా రా, నేను పోయి నీళ్ళు కాచి పెడతాంటా" అని వెనక్కి తిరగకుండానే చెప్పి మిట్ట ఎక్కింది.