అలమరలో కాలు తొడుక్కున్న ఏనుగుపిల్ల

ఢిల్లీలో జరిగిన వికలాంగుల ప్రపంచ పరుగుపందేలకు చిహ్నం ఒక ఏనుగుపిల్ల. దాని కాలు ఒకటి మోకాలి దాకానే ఉంటుంది. ఆ కింద, కాలు లేని పరుగువీరులు కాలికి బదులు తొడుక్కునే వంపు తిరిగిన పట్టీ. పోటీలు చూసొచ్చిన నా పాత విద్యార్థి ఒకడు ఆ బొమ్మను నాకిచ్చి, ఆ సాయంత్రమే నారాయణఖేడ్ నుంచి హైదరాబాదు బస్సెక్కాడు. అలమరలో పుస్తకాల ముందు పెట్టుకున్నాను. లారీ కింద నా కాలు పోయాక, నాలాంటి కాలున్నది మరొకటి ఈ ఇంట్లోకి రావడం అదే మొదలు.

మమ్మల్ని ఇప్పుడు దివ్యాంగులు అంటున్నారు. కాలు తెగడంలో దివ్యమేముంది? ఆఫీసు మెట్ల పక్కన ర్యాంపు కట్టడం కన్నా బిరుదు ఇవ్వడం సులువు. ఇలాంటివి సభల్లో గొంతు పోయేదాకా వాదించినవాణ్ని. ఇప్పుడు ఆ సభలు లేవు, ఎదురు వాదించేవాళ్లూ లేరు. మిగిలింది పక్కింటామె. పొద్దుగూకాక జొన్నరొట్టెలు తెచ్చి, నేను తినేదాకా కూర్చుని ఊరి సంగతులు చెప్పేది. రోజు మొత్తంలో నాతో మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే.

బొమ్మను చూడగానే ఆమె చెంపలు వేసుకుంది. కాలు కనబడగానే వెనక్కి జరిగింది.

“ఏందన్నా గిది? ఇరిగిన దేవున్ని ఇంట్ల పెట్టుకుంటరా? జల్ది మంజీర నీళ్లల్ల ఇడిచిపెట్టు.”

“దేవుడు గాదు చెల్లె, ఆటల బొమ్మ. ఇరగలే. నా లెక్కనే కాలు తొడుక్కుంది.”

“తొండం కనవడుతనే ఉన్నది, దేవుడు గాదంటవ్!”

“నాకు గూడ కాలు లేదు. నన్ను గూడ మంజీరల కలుపుతవా?”

“నువ్వేమన్న దేవునివా, నిన్ను కలపనీకి? మనిషికి కాలు లేకున్నా నడుస్తది. దేవునికి నడువది.”

నవ్వొచ్చింది. ఇంత గట్టి జవాబు నాకు ఏ సభలోనూ ఎదురుకాలేదు. ఆమె నవ్వలేదు. “పిల్లలున్నదాన్ని. అది ఉన్నన్ని దినాలు నేను లోపలికి రాను” అని వెళ్లిపోయింది.

బొమ్మను పెట్టెలో వేసి మూత పెడితే చాలు, ఆమె వస్తుంది. కానీ చుట్టాలొచ్చినప్పుడు కుంటి బిడ్డను లోపలి గదిలోకి పంపే ఇళ్ల మీద నేను మండిపడి రాసిన వ్యాసాలున్నాయి. ఈ ఒక్కదాన్నీ దాచలేకపోయాను.

నిన్న ఆమె గిన్నెను గడప బయట పెట్టి అక్కడే నిలబడింది.

“అది ఇంక ఉన్నదా?”

“ఉన్నది.”

“సల్లారుతయి, తిను.”

చెప్పుల చప్పుడు పక్కింట్లోకి వెళ్లింది. నేను కాలు తొడుక్కుని, గోడ పట్టుకుని వెళ్లి గిన్నె తెచ్చుకున్నాను. రొట్టెల కింద, ఎప్పటిలాగే, నా కోసం కారం తక్కువ వేసిన పప్పు.