బురుల్ జడ

ఓష్ బజారులో బురుల్ రోజూ పొద్దున్నే ఒకే ఒక్క రొట్టె కొంటుంది, అదీ సవతి నజ్గుల్ దగ్గరే. వేలితో తట్టి, ముక్కుకి ఆనించి, మొహం చిట్లిస్తుంది. ఆ రొట్టె కాలిన మట్టి పొయ్యి బురుల్ స్వయంగా కట్టిందే. బీటలివ్వకుండా అందరూ మట్టిలో మేకబొచ్చు కలుపుతారు. ఈవిడ తన జడే కత్తిరించి కలిపింది. గుర్రాన్ని కట్టేసినా తెగని జడ, నా మాట నమ్మండి. పదకొండేళ్లు కాపురం చేసిన ఎర్మెక్ ఆమెని వెళ్లగొట్టి నజ్గుల్‌ని తెచ్చుకున్నాడు. పొయ్యి అయినా తనకి ఇప్పించమని బురుల్ అడిగితే లాయరు తల అడ్డంగా ఊపాడు. "నిఖా అయింది సరే, రిజిస్టరు చేయించలేదు గదమ్మా. చట్టం లెక్కలో మీకు పెళ్లే కాలేదు. స్థలం అతనిది. పొయ్యి మీరే కట్టారని రుజువుందా?" "పగలగొట్టి చూడండి, నా జుట్టు కనబడుతుంది." "పగలగొడితే కేసు మీ మీదే పడుద్ది."

అప్పట్నుంచీ బురుల్‌కి ఎటూ మనశ్శాంతి లేదు. రొట్టె మాడితే తన పొయ్యికి అప్రతిష్ఠ, బాగా కాలితే నజ్గుల్‌కి పేరు. నిన్న ఒక ముసలాయన వేడి రొట్టె విరిచి నోట్లో పెట్టుకుని, "అంతా నజ్గుల్ చేతి మహిమ," అన్నాడు. నజ్గుల్ సిగ్గుపడింది. కత్తిరించాక మళ్లీ అంత పొడవు పెరగని తన జుట్టు మీద బురుల్ రుమాలు సర్దుకుంది.

"చెయ్యి కాదు బాబాయ్, జడ," అంది.