పెరట్లో తిన్న సంగటి

వరదకు కొంప మునిగినవాళ్లను చూశాం, కోర్టులకెక్కి మునిగినవాళ్లనూ చూశాం. నా కొంప మాత్రం రెండు రాగి సంగటి ముద్దలకు మునిగింది. నవ్వకండి, ముందు వినండి.

యాభైల చివర్లో మాట. నాకు ఇరవై రెండేళ్లు, కొత్తగా బడిపంతులు ఉద్యోగం, తల ఆకాశంలో ఉంది. మా నాయన మనసంతా గోరంట్ల సంబంధం మీదే. నాదీ అక్కడే. పిల్ల పేరు తెలియదు గానీ, వాళ్ల బావిలో నడి వేసవిలోనూ నీళ్లుంటాయని తెలుసు. మా కరువు వైపు పిల్లకు అంతకంటే అందమేం కావాలి? ఇంతలో కుందుర్పి దగ్గరి దూరపు చుట్టం ఒకాయన, తన కూతుర్నీ చూసిపొమ్మని పట్టుబట్టాడు. మొహమాటానికి బయలుదేరాం.

“ఒరేయ్, ఆడ మెతుకు ముట్టొద్దు. పెండ్లిచూపులకు పోయిన ఇంట్లో తింటే పిల్లను ఒప్పుకున్నట్టే” అన్నాడు నాయన దారిలో.

“నేనేమన్నా చిన్నపిల్లోణ్ణా నాయనా?”

బస్సు దిగి, ఎర్రటి ఎండలో పడి నడిచి చేరాం. నాయనా, పిల్ల తండ్రీ మంచం మీద కూర్చుని, రాని వాన గురించి తీరిగ్గా మాట్లాడుకుంటున్నారు. నా కడుపు దాని భాషలో అది మాట్లాడుతోంది. కాళ్లు కడుక్కుంటానని పెరట్లోకి వెళ్లాను. అక్కడ పిల్ల అవ్వ పొయ్యి దగ్గర వేడి వేడి సంగటి ముద్దలు చేస్తోంది. పక్కనే వేరుశెనగలతో నూరిన ఊరుబిండి పచ్చడి.

“ఏమప్పా, మొగం వాడిపోయిండాది. ఒక ముద్ద తిను.”

“వద్దవ్వా, ఇంట్లో తినగూడదంట.”

“ఇంట్లో గదా తినగూడంది? ఇది పెరడు గదప్పా!”

చదువుకున్నవాణ్ణి కదా, ఆ తర్కం నాకు బ్రహ్మాండంగా నచ్చింది. ఆకలి రుచెరుగదంటారు. నా ఆకలికి రుచి బాగానే తెలిసింది, ఆచారమే తెలియలేదు. రెండో ముద్ద నేనే అడిగాను.

చెయ్యి కడుక్కునేలోగా అవ్వ వీధి దద్దరిల్లేలా అరిచింది. “తిన్నాడ్రా! పెండ్లికొడుకు తిన్నాడు! అడిగి మరీ తిన్నాడు!”

ప్రహరీ మీద పది తలకాయలు మొలిచాయి. నాయన పరుగెత్తుకొచ్చాడు.

“ఏం జేసినావురా?”

“పెరట్లో తిన్నది లెక్కకు రాదు నాయనా!”

“ఏమప్పా, పెరడు మాది గాదా?” అన్నాడు పిల్ల తండ్రి నిదానంగా.

“నేనింకా పిల్లనే చూడలేదు!” నాకు ఏడుపొక్కటే తక్కువ.

“సంగటి చూసినావు గదా. కుండలో తెడ్డేసి గెలికింది ఆ పిల్లే” అంది అవ్వ.

తలుపు వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. “ఇష్టం లేకుంటే పోనీ నాయనా. తిన్నది ఈడ పెట్టి పొమ్మను.”

అందరూ గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. ఆ గొంతు నాకు నచ్చింది, దాచడం దేనికి?

తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదట. మా నాయన తినలేదు కనుక, చూరు కింద నిలబడి తల పైకెత్తి నిశ్చింతగా లెక్కపెడుతున్నాడు. తిని కాదన్నామంటే రేపు ఆ పిల్ల కోసం ఇంకెవరూ ఆ గడప తొక్కరు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

“తిన్నోనివి నువ్వు. నువ్వే చెప్పు” అన్నాడు చివరికి.

“చేసుకుంటా నాయనా” అన్నాను.

ఆ తర్వాతి కరువులో మా ఎద్దులకు మేత లేకపోతే, తమకే చాలీచాలని జొన్నచొప్పలో సగం బండికెత్తి పంపాడు మా మామ. ఆ రోజు నాయన కళ్లు తుడుచుకున్నాడు. గోరంట్ల ఊసు మళ్లీ ఎత్తలేదు. పెళ్లంటే ఇద్దరి మధ్య ముడి అనుకునేవాణ్ణి, రెండిళ్లకు ఊతమని అప్పుడు అర్థమైంది.

అన్నీ బాగున్నాయి, కాపురం పెట్టిన మొదటి రోజు తప్ప. ఆ రోజు “అప్పటి మాదిరి సంగటి చెయ్యి” అన్నాను మురిపెంగా.

“నాకు గెలికేది రాదు.”

“మరి ఆ పొద్దు గెలికింది?”

“అవ్వ. నేను పొయ్యిలో కట్టెలు పెట్టినా.”

పెళ్లి ఆరోగ్యానికి మంచిదంటే నేను కాదనను. ఇన్నేళ్లుగా సంగటి గెలికి గెలికి నా భుజాలు వస్తాదు భుజాలయ్యాయి, వచ్చి చూసుకోండి.

కనుక పాఠక మహాశయులారా, సూర్యచంద్రుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకమీదట పెళ్లిచూపులకు ఏ ఇంటికి వెళ్లినా, ఇంట్లో గానీ పెరట్లో గానీ మెతుకు ముట్టను.

ఈ వాక్యాన్ని మా ఆవిడ వెనక నుంచి చదివేసింది.

“ఈ వయసులో యాడికి పోతావు పెండ్లిచూపులకు? లే, ఎసరు మరుగుతాండాది.”