లైకవ్వ గిన్నె

ఈ ప్రయాణానికి కారణం ఒక పోస్టుకార్డు. నేను పనిచేసి రిటైరైన పత్రికకు వచ్చింది. అక్కడి కుర్రవాళ్లు నవ్వుకుని నాకు పంపారు. "లైకా అనే కుక్క ఏ దినం సచ్చింది? మూడు దినాలు చెప్పద్దు. ఒక్కటే చెప్పాలె." కింద లక్సెట్టిపేట దగ్గరి ఊరి పేరు, లైకవ్వ అని సంతకం.

నాకు నవ్వు రాలేదు. మనిషిని పంపేముందు రష్యావాళ్లు అంతరిక్షంలోకి పంపిన కుక్క లైకా. దాని చావు గురించిన నిజం ఇరవై ఏళ్ల కిందట బయటపడ్డప్పుడు ఆ చిన్న వార్తను తెలుగు చేసింది నేనే. ఆఖరి నిమిషంలో ప్రకటన వస్తే తీసి పక్కన పెట్టిందీ నేనే.

సికింద్రాబాద్‌లో ఉదయం ఏడింటి రైలు ఎక్కాను. ఎదుటి సీట్లో జమ్మికుంట పత్తి వ్యాపారి ఒకాయన ఉడికిన పల్లీలు పంచుతూ సంగతంతా రాబట్టాడు.

"కుక్క సచ్చిన తారీకు చెప్పనీకి గంత దూరమా సాబ్? ఫోన్ల చెప్తే ఒడువది?" అని నవ్వాడు. తన ఊళ్లో దిగుతూ మాత్రం నవ్వలేదు. "జర పైలం. చావు కబురు మోసుకపోతున్నరు."

పదకొండున్నరకు మంచిర్యాల. అక్కడ భోజనం చేసి బస్సెక్కితే గంటలో లక్సెట్టిపేట, ఆపైన ఆటో. ఊళ్లో లాడ్జి లేదు, వెళ్లేవాళ్లు ఎవరింటి వరండాలోనైనా పడుకోవలసిందే. వస్తున్నానని ముందే కార్డు రాశాను, ఆటో దిగగానే లైకవ్వ కొడుకు రాజన్న ఎదురొచ్చాడు.

"అవ్వకు గుండె ఆపరేషన్ సార్. రేపే కరీంనగర్ దవాఖానల చేరాలె. గిన్నె ఎవరు వెడ్తరని కదల్తలేదు. మీరే ఏదన్న చెప్పాలె."

లైకవ్వకు అరవై ఎనిమిదేళ్లు. మాట నెమ్మది, చూపు సూటి.

"బాపు పంతులు. ఊర్ల మొదటి రేడియో మాదే. కుక్క ఆకాశంల తిరుగుతుందని విన్నడు, నాకు గదే పేరు పెట్టిండు. గా వారమే రేడియో బ్యాటరీ అయిపోయింది, కుక్క ఏమైందో ఎరుకనే కాలే" అని ఫక్కున నవ్వింది. "తిరిగొస్తే ఆకలి గొంటదని ఇంటి మీద బువ్వ గిన్నె వెట్టిండు. బాపు పోయినంక నేను వెడుతున్న. పొద్దుగాల్లకు ఖాళీ అయితది."

"ఏ పిల్లో తింటుందేమో అక్కా."

"తిననీ తమ్మీ. పెట్టుడు నా పని. సచ్చినదానికైతే ఏడాదికోపారి పెడితే సాలు, బతికున్నదానికి దినాం పెట్టాలె. పెత్రమాస నాడు పెద్దలతోని పెడదామంటే, బతికుంటే పాపం గద? సెల్లు చూసి ఒకడు వారం బతికిందంటడు, ఒకడు ఐదు నెలలంటడు, ఒకడు గంటలంటడు. చావుకు గన్ని దినాలుంటయా?"

"ఎక్కిన రోజే పోయింది. వేడికి, భయానికి, కొన్ని గంటల్లోనే. వారం బతికిందన్నది రష్యావాళ్లు చెప్పిన అబద్ధం. ఐదు నెలలు తిరిగింది శవం. ఆఖరుకు కాలిపోయింది. పంతొమ్మిది వందల యాభై ఏడు, నవంబర్ మూడు."

ఆమె చూపు ఇంటి పైకి పోయింది.

"గది నేను పుట్టిన దినం. కార్తీక ఏకాశి. అవ్వ ఒక్కపొద్దుంటే దీపాలు వెట్టేయాల్లకు పుట్టిన."

రాకెట్టు లేచింది మన లెక్కన పొద్దున ఎనిమిదింటికి. దీపాల వేళకు అంతా అయిపోయి ఉంటుంది. నేను పైకి అనలేదు. ఆమే అంది.

"అంటే నేను కండ్లు తెరిసేటాల్లకే అది కండ్లు మూసింది. సచ్చినదాని పేరు మోసినన్నట్టు."

సాయంత్రం రాజన్నను స్లాబు మీదికి ఎక్కించి గిన్నె బోర్లించమంది. దాని మీద ఇటుక పెట్టించింది. నిచ్చెన తీయించింది. "వచ్చే కార్తీకానికి పెట్టాలంటే నేనుండాలె గద. పొద్దుగాల్ల పోదాం పా" అంది కొడుకుతో.

ఆ సందులోని కుక్కలు ఐదూ వచ్చి ఇంటి ఎదుట వరసగా కూర్చున్నాయి. మొహాలన్నీ స్లాబు వైపే. ఒక్కటీ మొరగలేదు. రాజన్న మట్టిపెడ్డ విసిరాడు. కదల్లేదు.

తెల్లవారి ఐదున్నరకు, ఎండబెట్టిన మిరపకాయలు ఎత్తడానికి రాజన్న సెల్లు లైటు పట్టుకుని నిచ్చెన వేసుకుని పైకెక్కాడు. నన్ను చేత్తో పిలిచాడు. నేనూ ఎక్కాను.

గిన్నె వెల్లకిలా ఉంది. ఇటుక పక్కన ఉంది. చుట్టూ పరిచిన మిరపకాయల్లో ఒక్కటీ చెదరలేదు. గిన్నె లోపల తడి, నాకినట్టు.

"కోతులే సార్" అన్నాడు రాజన్న.

"రాత్రిపూట కోతులు తిరుగుతాయా?"

"అవ్వకు చెప్పకుండ్రి సార్. దండం పెడుత. చెప్తే మల్ల కదలది."

కిందికి దిగి చూస్తే సందులో కుక్కలు లేవు.

ఆరూ నలభైకి కరీంనగర్ బస్సు. ఆమెకు ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్, మా ఇద్దరికీ మామూలువి. రాయపట్నం వంతెన మీద పొగమంచుకు గోదావరి కనబడలేదు. అక్కడ అడిగింది.

"గిన్నె ఎట్లున్నది కొడుకా?"

రాజన్న కిటికీ వైపు తిరిగాడు. ఆమె నా వైపు చూసింది.

"బోర్లించినట్టే ఉందక్కా" అన్నాను.

"పేపరాయన అబద్ధమాడడు" అని కొడుకుతో చెప్పి, సీటుకు తల ఆనించి కళ్లు మూసుకుంది.

కుక్క క్షేమంగా ఉందని ఆనాడు రేడియోలో లోకానికి చదివి వినిపించినవాడి గొంతు ఎలా ఉండి ఉంటుందో ధర్మపురి వచ్చేదాకా ఆలోచించాను. నా గొంతు మాత్రం వణకలేదు.